మేకను ఇచ్చేస్తే సరిపోదు

(నల్లమాడలో జరిగిన మన సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా ఈ సభలో చదువు గురించి మాట్లాడే పని మాకు అప్పగిస్తారు. బడిపంతుళ్లం గనుక అది మాకు అలవాటైన పాఠమే. ఈసారి మాత్రం పశువుల వైద్యం గురించి మాట్లాడతామని మేమే అడిగి తీసుకున్నాం. పంతుళ్లకు పశువుల సంగతి ఎందుకని కమిటీలో కొందరు నవ్వారు కూడా. ఎందుకో చెబుతాం. కాస్త ఓపికగా వినండి.

మన నేల సంగతి మీకు తెలియనిది కాదు. పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే ఉంటుంది. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల పేర్లు చెప్పేటప్పుడు రాజస్థాన్ ఎడారి తర్వాత మన పేరే ఎత్తుతారు. 2022 ఏప్రిల్ 4న మనం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాం. జిల్లా పేరు మారింది గానీ వాన మారలేదు. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసే బతుకు అలాగే ఉంది. పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేవి జీవాలే. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్ గొర్రెల సంఖ్య కోటీ 76 లక్షలు. దేశంలో తెలంగాణ తర్వాత మనదే రెండో స్థానం. అందులో పాత అనంతపురం వాటా తక్కువేమీ కాదు.

ఇక మన కుటుంబాల సంగతి. భూమి ఉన్నవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్లు కూలికి పోతారు, సంతల్లో చిన్న వ్యాపారం చేసుకుంటారు, రెండు మేకలో ఒక ఎనుమో కట్టుకుంటారు. జూన్‌లో బడి తెరిచేటప్పుడు పుస్తకాలు, బట్టలు, బస్సు పాసు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ నెలలో మా విద్యార్థుల ఇళ్లలో ఏం జరుగుతుందో మాకు తెలుసు. ఒక మేకపోతు దొడ్డిలోంచి సంతకు పోతుంది, ఒక పిల్ల బడికి వస్తుంది. ఆ మేకపోతు వేసవిలో చచ్చిపోతే ఆ పిల్ల బడికి రాదు. హాజరు పట్టీలో మేము ఎర్ర సిరాతో గైర్హాజరు వేస్తాం. ఆ గీత వెనుక ఒక్కోసారి జబ్బు చేసిన మేక ఉంటుంది. పంతుళ్లకు పశువుల సంగతి ఎందుకంటే ఇందుకు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఇది సంస్థ చేసిన మంచిపని గురించి కాదు, సంస్థ చేసిన పొరపాటు గురించి. దాతల ముందు పొరపాటు చెప్పడం ఎందుకని కూడా కమిటీలో చర్చ జరిగింది. డబ్బు మీది గనుక చెప్పాలనే చివరికి తీర్మానించాం.

కొంతకాలం కిందట మనం వితంతువులకు జత మేకలు ఇచ్చే పథకం పెట్టాం. ఆలోచన మంచిది. దాతలు సంతోషంగా ఇచ్చారు. మేము దూరపు సంతకు పోయి, ధర తక్కువగా వచ్చాయని సంబరపడి, ఒకే మినీ లారీలో అన్నిటినీ ఎక్కించి తెచ్చాం. మరునాడు మసీదు ముందు షామియానా వేసి, దుఆ చేసి, ఒక్కొక్కరి చేతికి తాడు అందించి ఫోటోలు తీసుకున్నాం. ఆ ఏటి సంచికలో ఆ ఫోటోలు మీరు చూసే ఉంటారు.

వారం తిరిగేసరికి ఒక తల్లి మా బడి దగ్గరికి వచ్చింది. చేతిలో తాడు ఉంది, మేక లేదు.

"సార్, ఇది మీ తాడు. ఒగ మేక సచ్చిపాయ. ఇంగోటి లేస్తాల్యా. తాడన్నా మీకు పనికొస్తాదని తెచ్చినా" అంది.

ఆమె మమ్మల్ని తిట్టలేదు. తనకు ఇచ్చినదాన్ని సరిగా చూసుకోలేదని మేము అనుకుంటామేమోనని భయపడి వచ్చింది. ఆ భయం చూశాక మాకు ఆ పూట పాఠం చెప్పబుద్ధి కాలేదు.

రెండో మేకను ఆటోలో వేసుకొని దగ్గర్లోని పట్నానికి పోయాం. అప్పటికే చీకటి పడింది. అక్కడ ఒక పశువైద్యుడు సర్కారు ఉద్యోగంలో రిటైరయ్యాక తన ఇంటి వరండాలోనే చిన్న క్లినిక్ నడుపుతున్నాడు. ఆయన పేరు, ఊరు చెప్పొద్దని ఆయనే కోరాడు. ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో ఆ రాత్రి చూశాం. అది మీకు చెప్పాలి.

డాక్టరుగారి భార్య తలుపు దగ్గర చిన్న బల్ల వేసుకొని రిజిస్టరు రాస్తుంది. ఏ ఊరు, ఎన్ని జీవాలు, ఎప్పటినుంచి మేత మానేసింది, పేడ ఎట్లా ఉంది, ఈనిందా, చూలుతో ఉందా అని ఆమే అడుగుతుంది. డాక్టరు చెయ్యి వేసేలోపే సగం రోగం ఆమె పుస్తకంలోకి ఎక్కుతుంది. కొడుకు కూడా బీవీఎస్సీ చదివినవాడే. పగలు మోటారు సైకిలు మీద ఊళ్లు తిరుగుతాడు, రాత్రి వచ్చి తండ్రికి సాయం చేస్తాడు. వీళ్లతో పాటు ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న ఒక పెద్దాయన ఉన్నాడు. పశువును పట్టుకోవడం, కాళ్లు కట్టడం, గాయం కడగడం, సూదులు మరిగించడం, నేల కడగడం అన్నీ ఆయనవే. వాళ్లింట్లో అందరూ ఆయన్ను చాచా అనే పిలుస్తారు.

మేక ముక్కు కారుతోంది. నోట్లో పుండ్లు, పారుడు, ఒళ్లు కాలిపోయే జ్వరం. చూడగానే డాక్టరుగారు పారుడు రోగం అన్నారు. చిన్న జీవాల ప్లేగు అనేది దీన్నే. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులో. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. వచ్చాక నేరుగా వైరస్‌ను చంపే మందు లేదు. ఒంట్లో నీరు పోకుండా సెలైన్ ఎక్కించాలి, ఊపిరితిత్తులకు వేరే చీము పట్టకుండా మందులు ఇవ్వాలి, నోరు కడగాలి, గంజి తాగించాలి. మిగతాది దేవుడి దయ. రాకముందైతే మాత్రం ఒక్క టీకా చాలు, దాదాపు మూడేళ్లు కాపాడుతుంది. సర్కారు టీకా కార్యక్రమంలో దాన్ని ఉచితంగానే వేస్తారు.

చాచా ఆ మేక తల ఒళ్లో పెట్టుకొని తడి గుడ్డతో నోరు తుడుస్తున్నాడు. మావైపు చూడకుండానే అడిగాడు:

"సార్, కుర్బానీకి పొట్టేలు కొనేటప్పుడు పండ్లు సూస్తారు, కండ్లు సూస్తారు, కాలు కుంటుతాదేమో నడిపించి సూస్తారు. ఈటిని ఎవురన్నా సూసినారా?"

మా దగ్గర జవాబు లేదు. కుంటిది, గుడ్డిది, జబ్బుది, బక్కచిక్కినది కుర్బానీకి చెల్లదని మనలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మందలు ఉన్నవాళ్లు నలభై మేకలకు ఒక మేక జకాత్ తీయాలని చెప్పిన ధర్మమే, ఆ మేక లోపం ఉన్నది కాకూడదని కూడా చెప్పింది. మన పేరు మీద కోసే జీవాన్ని అంత పరీక్షిస్తాం. ఒక వితంతువు ఇంటికి బతుకుతెరువుగా పంపే జీవాన్ని ధర చూసి కొన్నాం, ఫోటో తీసి పంపాం.

అక్కడితో అయిపోలేదు. ఆ తల్లి ఇంటి పక్కనే ఒక కురుబ కుటుంబం ఉంది. వాళ్ల మేకలు, ఈ మేకలు ఒకే తొట్టిలో నీళ్లు తాగాయి. పది రోజుల్లో వాళ్ల రొప్పంలోనూ రోగం దిగింది, కొన్ని పోయాయి. దానం చేస్తున్నామనుకొని మేము పక్కింటికి నష్టం తెచ్చాం. ఆ ఇంటి పెద్దాయన దగ్గరికి కమిటీ అంతా కలిసి పోయి తప్పు ఒప్పుకొని వచ్చాం. "మీరు కావాల్నని జేసినారా ఏమన్నా, పోనీలేప్పా" అన్నాడాయన. మాట ఆయన మంచితనం. నష్టం మాత్రం నష్టమే. ఆయనకు మనం ఇచ్చిన పరిహారం ఈ ఏటి లెక్కల్లో ప్రత్యేక పద్దుగా చూపించాం. చదివి ఇదేమిటని అడిగేవాళ్లకు ఇదే మా జవాబు.

రెండో మేక బతికింది. ఐదు రోజులు ఆ వరండాలోనే ఉంది. పగలు డాక్టరుగారి భార్య గంజి పోసింది, రాత్రి చాచా లేచి చూశాడు. బిల్లు అడిగితే మందులకు మాత్రం తీసుకున్నారు. ఆ మేక తర్వాత ఈనింది. ఆ తల్లి కూతురు ఇప్పుడు మా బడిలో తొమ్మిదో తరగతి.

ఆ ఐదు రోజులు అక్కడికి పోయి వస్తూ ఉంటే, పశువైద్యం అంటే ఒక డాక్టరు ఒక సూది అని మేము అనుకున్నది ఎంత తక్కువో తెలిసింది. రాత్రి రెండు గంటలకు ఈనలేక అవస్థపడే ఎనుము కోసం తలుపు కొడతారు. భుజం దాకా చెయ్యి పెట్టి దూడను తిప్పాలి. ఆ ఎనుముకు బ్రుసెల్లా ఉంటే ఆ చేతికి కూడా రావచ్చు. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు. ఆవు చొంగ కారుస్తూ మేత మింగలేకపోతే గొంతులో ఏదో ఇరుక్కుందనుకొని నోట్లో చెయ్యి పెట్టి చూస్తారు. ఒక్కోసారి అది పిచ్చికుక్క కరిచిన ఆవు అవుతుంది. తన్నులు, కొమ్ముపోట్లు సరేసరి. డాక్టరుకు చదువు చెబుతుంది ఎక్కడ జాగ్రత్తపడాలో. పశువును పట్టుకొనే అటెండరుకు, ఇంటినుంచి తాడు పట్టుకొని వచ్చిన ఆడమనిషికి ఎవరు చెబుతారు? చేతి తొడుగులు మొదట కావలసింది వాళ్లకే.

ఇలా ఇంటిల్లిపాదీ పశువుల వైద్యంలో ఉండడం మన సమాజానికి కొత్త కాదు. మన పట్నాల్లో నాల్‌బంద్ ఇంటిపేరుతో ఇప్పటికీ కుటుంబాలున్నాయి. ఎద్దులకు, జట్కా గుర్రాలకు లాడాలు కొట్టినవాళ్లు వాళ్లు. తాత తాడు వేసి ఎద్దును పడదోస్తే, తండ్రి గిట్ట చెక్కేవాడు, కొడుకు మేకులు అందించేవాడు. గిట్టలో ముల్లు, చీము ఉంటే ముందుగా కనిపెట్టేదీ వాళ్లే. ట్రాక్టర్లు వచ్చాయి, ఎద్దులు తగ్గాయి, ఆ పని పోయింది. ఇంటిపేరు మిగిలింది.

అరబ్బీలో పశువైద్యుణ్ణి బైతార్ అంటారు. 1248లో డమాస్కస్‌లో కన్నుమూసిన ఇబ్న్ అల్ బైతార్ పేరు మన మదర్సా పిల్లలు విని ఉండవచ్చు. స్పెయిన్‌లోని మలగాలో పుట్టి, దేశాలు తిరిగి, దాదాపు 1400 మందు దినుసుల గురించి గ్రంథం రాసినవాడు. ఆ పేరుకు అర్థం పశువైద్యుడి కొడుకు అని. అంత పండితుణ్ణి లోకం ఎనిమిది వందల ఏళ్లుగా ఆ పేరుతోనే తలచుకుంటోంది. మన పిల్లల్లో ఎవరైనా పశువుల డాక్టరు చదువుతానంటే మొహం చిట్లించే తల్లిదండ్రులు ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

కుటుంబం మొదలుపెట్టిన పని పెరిగి సంస్థలైన ఉదాహరణలు మన కళ్లముందే ఉన్నాయి. మద్రాసులో 1959లో కెప్టెన్ సుందరం కుటుంబం బ్లూ క్రాస్ మొదలుపెట్టింది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల, నాగార్జున దంపతులు బ్లూ క్రాస్ ప్రారంభించారు. అంత దూరం ఎందుకు, మనకు దగ్గర్లో పుట్టపర్తిలో 2000లో క్లెమెంటీన్ పావ్స్ అనే డచ్చి మహిళ కరుణ సొసైటీ స్థాపించి పశువుల ఆసుపత్రి నడిపారు. వీధి ఆవులకు అక్కడి డాక్టర్లు పొట్ట కోసి ఆపరేషన్ చేస్తే లోపల కిలోల కొద్దీ ప్లాస్టిక్ సంచులు బయటపడ్డాయి. మనం అన్నం పెట్టి ముడివేసి పారేసే సంచులే అవి. ఆవు ముడి విప్పలేదు గదా, సంచితో సహా మింగుతుంది. ఆ సంచులు పట్టుకొని కరుణ సొసైటీ 2012లో సుప్రీం కోర్టు దాకా పోయింది. ఒక చిన్న ఊరి పశువుల ఆసుపత్రి సిబ్బంది ఆపరేషన్ బల్ల మీద చూసిన సంగతి దేశం మొత్తం విన్నది. పెళ్లి విందుల తర్వాత మన షాదీఖానాల వెనుక పడేసే సంచుల గురించి మనం కూడా ఒకసారి ఆలోచించుకోవాలి.

సర్కారు చేసే పనిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. పశువైద్యశాలలో డాక్టరు ఉన్నారు. రైతు సేవా కేంద్రాల్లో పశుసంవర్ధక సహాయకులు ఉన్నారు. ఇంటింటికీ తిరిగే గోపాలమిత్రలు ఉన్నారు. 2022 మే నెలలో రాష్ట్రంలో 175 సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. 1962కు ఫోన్ చేస్తే డాక్టరు, సహాయకుడు, డ్రైవరు కలిసి ఊరికే వస్తారు. పడిపోయిన పశువును ఎత్తే యంత్రం కూడా ఆ బండిలో ఉంటుంది. ఈ నంబరు తెలియక నాటువైద్యుడి వాతలతో రోజులు గడిపిన ఇళ్లు మన జమాత్‌లోనే ఉన్నాయి. ఈ సభనుంచి పోయేటప్పుడు 1962 అనే నాలుగంకెలు ప్రతి ఒక్కరూ ఇంటి గోడ మీద రాసుకుంటే, ఈ ప్రసంగానికి అదే పెద్ద ఫలితం.

టీకా వేసే మనుషులు ఏం సాధించగలరో ఒక్క సంగతి చెబుతాం. మన తాతల కాలంలో ముసర రోగం వస్తే దొడ్లకు దొడ్లు ఖాళీ అయ్యేవి. ఊరూరా తిరిగి టీకాలు వేసి వేసి, 2011లో ఆ రోగం ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మనుషుల్లో మశూచి తర్వాత భూమి మీదనుంచి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో రోగం అదే. మన మేకను చంపిన పారుడు రోగాన్ని కూడా 2030 నాటికి లేకుండా చేయాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. ఆ పని ఢిల్లీలోనో రోమ్‌లోనో జరగదు. ఐసు పెట్టె భుజాన వేసుకొని, ఎండలో మన రొప్పాల దగ్గరికి వచ్చే సహాయకుడి చేతిలో జరుగుతుంది. టీకా మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మన ఏప్రిల్ ఎండలో ఐసు కరిగితే ఆ మందు వేసినా వేయనట్టే. ఇంత సున్నితమైన పని చేసేవాడికి మనం చాలాసార్లు మంచినీళ్లు కూడా ఇవ్వం. "సూదేస్తే ఈసుకపోతాది" అని జీవాలను దాచిపెట్టేవాళ్లూ ఉన్నారు.

దాతలారా, ఇప్పుడు మా విన్నపం. ఐదు మాటల్లో చెబుతాం.

ఒకటి. ఇకమీదట మేకలను దూరపు సంతలో కొనం. మన చుట్టుపక్కల ఊళ్లలో, టీకా వేసిన మందల్లోంచి, పశువైద్యులు చూసి సరేనన్నవాటినే కొంటాం. కొన్నాక కనీసం మూడు వారాలు వేరే రొప్పంలో ఉంచి, నట్టల మందు తాగించి, అప్పుడే ఇస్తాం. ఖర్చు కాస్త పెరుగుతుంది. ఇచ్చే ఇళ్ల సంఖ్య తగ్గవచ్చు. సంఖ్య తగ్గిందని దయచేసి అడగవద్దు.

రెండు. జీవం ఇచ్చిన ప్రతి ఇంటికి మొదటి ఏడాది వైద్యం ఖర్చు సంస్థదే. వానలు మొదలై కొత్త గడ్డి మొలిచేటప్పుడు చిటుకు రోగం వస్తుంది, ఆ తర్వాత నీలినాలుక. ఏ టీకా ఏ నెలలో వేయించాలో ఒక కార్డు మీద తెలుగులో, ఉర్దూలో రాసి ఇస్తాం. చదవలేని ఇళ్లలో మా విద్యార్థులే చదివి చెబుతారు. చెవి పోగు వేయించి, బీమా పథకం ఉన్నప్పుడు అందులో చేర్పిస్తాం.

మూడు. సర్కారు పశువైద్యశాలకు అధికారుల అనుమతితో మనం ఇవ్వగలిగినవి ఇద్దాం. పశువును నిలబెట్టి కట్టే ఇనుప చట్రం, నీడకు రేకుల పందిరి, నీళ్ల తొట్టి, టీకాలకు మంచి ఐసు పెట్టెలు. అక్కడికి వచ్చే జీవం ఏ కులం వాళ్లది, ఏ మతం వాళ్లది అని ఆ తొట్టి అడగదు.

నాలుగు. పనిచేసే మనుషులను మరువవద్దు. అటెండర్లకు, సహాయకులకు, గోపాలమిత్రలకు చేతి తొడుగులు, గంబూట్లు, డాక్టరు సలహాతో ముందస్తు రేబిస్ టీకా. ఇవి పెద్ద ఖర్చులు కావు. అడిగేవాడు లేక మిగిలిపోయిన అవసరాలు.

ఐదు. ఇది మా సొంత పాఠం, పంతుళ్ల పాఠం. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ చదువు ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతుంది. ఇంటర్లో బైపీసీ చదివి మంచి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లకు ఐదున్నర ఏళ్ల బీవీఎస్సీ ఉంది. మన పిల్లలు మేకల మధ్యే పెరుగుతారు. ఏ మేక మేత మానేసిందో మనకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. ఆ తెలివి మార్కుల జాబితాలో ఎక్కడా కనబడదు. ఈ చదువుల్లో చేరే ఒక అబ్బాయికి, ఒక అమ్మాయికి ప్రతి ఏటా సంస్థ విద్యార్థి వేతనం ఇవ్వాలని మేము ప్రతిపాదిస్తున్నాం. అమ్మాయి పేరు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మన ఇళ్లలో మేకలను చూసుకొనేది ఆడవాళ్లే. రోగం సంగతి అడగడానికి వాళ్లకు ఒక ఆడ డాక్టరు ఉంటే సగం జీవాలు ముందే బయటపడతాయి.

జకాత్ సొమ్ము వీటిలో ఏ పద్దుకు వాడవచ్చో, ఏ పద్దుకు వాడరాదో వేదిక మీద ఉన్న ఉలమా పెద్దలు చెప్పినట్టే నడుచుకుంటాం. వైద్యం పద్దుకు, సామాను పద్దుకు మేము సదఖా, సాధారణ విరాళాలే అడుగుతున్నాం. పద్దులు కలిపివేయం. ప్రతి రశీదు మీద ఏ పద్దో రాసి ఉంటుంది.

దప్పికతో నాలుక చాపిన కుక్కకు తన మేజోడుతో బావిలోంచి నీళ్లు తోడి తాపిన మనిషికి అల్లాహ్ మన్నింపు దొరికిందన్న హదీసు మనలో అందరూ విన్నదే. పిల్లిని కట్టేసి తిండి పెట్టక చంపిన మనిషి సంగతీ విన్నదే. రెండు కథల్లోనూ జీవం నోరులేనిదే, చేతులు మాత్రం మనిషివి. మన రాజ్యాంగం కూడా 51-ఎ అధికరణలో ప్రాణుల మీద దయ ఉండడం పౌరుడి విధి అని రాసింది. మేము ఆ కథలను బడిలో ఎన్నోసార్లు చెప్పాం. మా కమిటీ తెచ్చిన మేకలు మినీ లారీలో ఎండలో నిలబడి ఉన్నప్పుడు నీళ్లు పెట్టామా అని ఒక్కరం కూడా అడగలేదు. చెప్పడం తేలిక, గుర్తుపెట్టుకోవడం కష్టం.

ఆ తల్లి తెచ్చి ఇచ్చిన తాడు సంస్థ ఆఫీసు బీరువాలో ఉంది. పారేద్దామని ఒకరంటే, వద్దు ఉండనీయండి అన్నాం. ఈసారి మేకలు కొనే రోజున కొనుగోలు కమిటీ ఆ బీరువా తీసి, తాడును బల్ల మీద పెట్టుకొని కూర్చోవాలని తీర్మానం చేశాం. ఈ తీర్మానం నవ్వులాటకు చేసింది కాదు.

మా మాటల్లో తప్పుంటే మన్నించండి. సభ ముగిశాక భోజనాల దగ్గర పశువైద్య సిబ్బంది మీతోనే కూర్చుంటారు. ఇంట్లో జీవాలు ఉన్నవాళ్లు వాటి సంగతి వాళ్లను అడగండి. ఆ వరండాలోని డాక్టరుగారి కుటుంబానికి, చాచాకు, ఎండల్లో ఐసు పెట్టె మోసే ప్రతి ఒక్కరికీ, ఏ మతం వాళ్లయినా, అల్లాహ్ ఆరోగ్యం ఇవ్వాలని దుఆ చేయండి. ఈ ఏడు మనం ఇచ్చే ఏ ఇంటి తాడూ ఖాళీగా తిరిగి రాకూడదని కూడా దుఆ చేయండి.